తెల్ల మచ్చ, కరుణమ్మ సాక్ష్యం

నర్సింగు ముగించి ఈ ఏడు ఉద్యోగాల్లో చేరుతున్న ఆడపిల్లలు మా ప్రార్థన మందిరంలో కొందరున్నారు. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటూ, "ఆంటీ, ఆ రూములో మీరు ఏం చేస్తాంటిరి?" అని అడుగుతారు. ఆ రూమంటే ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేసే గది. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి వాళ్ళు అడగరు, నేనూ రాయను. ఆ గది గురించి మాత్రం చెప్పులు వేసుకునేలోపు చెప్పడం నా వల్ల కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

జమ్మలమడుగులో పని నేర్చుకున్నాను. పులివెందులలో కొంతకాలం చేశాను. ప్రొద్దుటూరులో రిటైరయ్యాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట కన్ను మూతపడితే ఆ మూడు ఊళ్ళు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. శనగచేల నల్లమట్టిలోంచి పులివెందుల అరటితోటలు లేస్తాయి. పెన్న ఇసుక నడుమ ఆసుపత్రి బెంచీ ఒకటి ఉంటుంది. దాని మీద ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుని కూర్చుని ఉంటారు. ఎవరూ మాట్లాడరు. ఎండ వాళ్ళను తాకదు. వంతు వచ్చినామె లేచి నా వైపు నడుస్తుంది, ముఖం చూడబోయేలోపు మెలకువ వస్తుంది.

అలా లేచి వచ్చేవాళ్ళలో నేను ఇట్టే గుర్తుపట్టేది కరుణమ్మను. ఆమె నిండు మందిరంలో నిలబడి, దేవుడు మేలు చేశాడని చెప్పిన ఒక సాక్ష్యం ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ సంగతే. అయితే అది అర్థం కావాలంటే ఆ పరీక్ష ఏమిటో, ఆ జబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు తెలియాలి.

ఆగి చూడడం

మా నాన్న ఉపదేశి. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి బైబిలు వాక్యం చెప్పేవాడు. సందేళ ఒక వాక్యం కంఠత చెప్పందే మాకు కంచం పెట్టనిచ్చేవాడు కాదు. అలా నేర్చుకున్న వాక్యాలే నాకు బడి, అవే పుస్తకాలు. నర్సుగా చేరిన తర్వాత నాకు రెండో బడి మా పెద్ద డాక్టరమ్మ.

ఆమె కోస్తా మనిషి. మన మాట ఆమెకు మోటుగా వినిపించేది. ఆమె మాట మన ఆడవాళ్ళకు రేడియో వార్తల్లా ఉండేది. నడుమ నేను నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేదాన్ని. గొప్ప డాక్టరు, కానీ తియ్యని పై అధికారి కాదు. రోగుల ముందే మమ్మల్ని తిట్టేది. ఆ అలవాటు ఆమె దగ్గరినుంచి తీసుకోవద్దని మీకు చెబుతాను. తీసుకోవలసింది ఇంకొకటి ఉంది.

గర్భసంచి కింది కొసన, అది లోపలి దారిలోకి తెరుచుకునే చోటు ముఖద్వారం. మా దగ్గర దాన్ని గర్భసంచి మూతి అంటారు. పరీక్షలో దాని మీద పలచని వెనిగర్ లాంటి మందును దూదితో అద్దుతాం. అద్ది, ఒక నిమిషం ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న చోటు గులాబీరంగులోనే ఉండిపోతుంది. కణాలు మారడం మొదలైన చోటు మెల్లగా తెల్లబడుతుంది. గుడ్డు ఉడికేటప్పుడు తెల్లసొన పేరుకుంటుంది చూడండి, అలా. అది క్యాన్సర్ అని కాదు. క్యాన్సర్ రాబోయే దారి అక్కడ మొదలై ఉండవచ్చునని.

ఒకసారి కొత్తగా వచ్చిన డాక్టరమ్మాయి మందు అద్దీ అద్దకముందే ఏమీ లేదనేసి లేవబోయింది. పెద్ద డాక్టరమ్మ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఎసట్లో బియ్యం పోసి వెంటనే విస్తరి వేస్తావా అమ్మాయ్?" అంది.

ఆ నిమిషం నాకెంతో ఇష్టం. గదిలో దీపం ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. బల్ల మీది మనిషి ఊపిరి వినిపిస్తుంది. నేను లోపల చిన్న ప్రార్థన చేసుకునేదాన్ని. మాయ చేయమని అడిగేదాన్ని కాదు, ఉన్నది ఉన్నట్టు నా కంటికి కనిపించనివ్వమని అడిగేదాన్ని. ఒక్కోసారి ఏమీ తెల్లబడదు, లోపలంతా వేకువ ఆకాశంలా గులాబీరంగుగా ఉండిపోతుంది. ఒక్కోసారి అంచున పొగమంచులా ఏదో దిగుతుంది. దిగి, నిలబడిపోతుంది.

వేముల గొర్రెల కాపరి

ఆ తెలుపుకు మూలం ఒక వైరస్ అని మేం చేరిన కొత్తలో ఎవరూ గట్టిగా చెప్పలేదు. తర్వాత తెలిసింది. దాని పేరు హ్యూమన్ పాపిల్లోమా వైరస్. పులిపిర్లు తెచ్చే కుటుంబానిదే, కానీ రకాలు వేరు. వాటిలో కొన్ని రకాలు ముఖద్వారంలో చేరి తిష్ఠ వేసుకుంటే కొన్నేళ్ళకు క్యాన్సర్ కావచ్చు. ముఖద్వారం క్యాన్సర్ దాదాపు అంతా ఈ వైరస్ వల్లనే వస్తుంది.

ఇది భార్యాభర్తల కలయికలో ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. ఇక్కడే జాగ్రత్తగా మాట్లాడాలి. పులివెందులలో మాతో పనిచేసిన ఒక కుర్ర డాక్టరు జాగ్రత్తగా మాట్లాడలేదు.

వేముల వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. గొర్రెలు మేపే కుటుంబం. పరీక్షలో తెలుపు కనిపించింది. డాక్టరు వరండాలో నిలబడే భర్తకు చెప్పాడు, ఇది కలయిక వల్ల అంటుకునే వైరస్ అని. ఆ మనిషి గొంగడి భుజాన సర్దుకున్నాడు. తర్వాత అన్నాడు. "నేను నెలలకు నెలలు మంద ఎంబడే ఉంటా సార్. అయితే ఇది యాడనుంచి వచ్చినట్టు?"

డాక్టరు గడియారం చూసుకుని, అది మీ ఇద్దరూ తేల్చుకోవలసిన సంగతి అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. వైద్యానికి రాలేదు. డాక్టరు చెడ్డవాడు కాదు, వరండా నిండా జనం ఉన్నారు, ఆకలి వేళ. కానీ సగం నిజం చెప్పి మిగతా సగాన్ని అనుమానానికి వదిలేశాడు. నేను, ఆ ఊరి ఆశా కార్యకర్త వెతుక్కుంటూ వెళితే ఆ కాపరి గుట్ట కింద మంద దగ్గర ఉన్నాడు. గొర్రెల మధ్యనే నిలబడి చెప్పాను. ఈ వైరస్ పెళ్ళయిన దాదాపు ప్రతి ఒక్కరినీ ఎప్పుడో ఒకప్పుడు పలకరించి పోయేదే. చాలామందిలో ఒంటికి తెలియకుండా వచ్చి తెలియకుండానే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ఎప్పుడు వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని ఏ డాక్టరూ చెప్పలేడు. ఒక్క మగనితో ఒద్దికగా బతికినామెకూ రావచ్చు. తిరిగిన మనిషికి రాకపోవచ్చు.

పుట్టుగుడ్డివాణ్ని చూపించి, పాపం ఎవరిదని శిష్యులు అడిగారు. వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదని ప్రభువు చెప్పాడు. రోగం కనపడగానే పాపం ఎవరిదని వెతికే అలవాటు ఈనాటిది కాదు. అది కూడా ఆ కాపరికి చెప్పాను. ఆయన హిందువు, అయినా తలవంచి విన్నాడు.

"అయితే ఎవుర్నీ అనేదానికి ల్యాదంటావు," అన్నాడు చివరికి.

లేదన్నాను. కొన్నాళ్ళకు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు గానీ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. వైరస్ మాట తలుపు వేశాక చెప్పాలి. ముందు ఆమెకు చెప్పాలి, ఆమె సరేనంటే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఎవరి వల్ల అన్న ప్రశ్నకు జవాబు లేదని వాళ్ళు అడగకముందే చెప్పాలి. ఇప్పుడు ఆడపిల్లలకు ఈ వైరస్ రాకుండా టీకా ఉంది. పెళ్ళికాని పిల్లకు ఇదెందుకని తల్లులు కోపంగా అడుగుతారు. వాన మొదలయ్యాక కొట్టానికి బోదగడ్డి కప్పరు గదా అని చెప్పేదాన్ని. టీకా వేసుకున్న పిల్లలు కూడా పెద్దయ్యాక పరీక్షకు రావలసిందే. అది కూడా మరవకుండా చెప్పండి.

కరుణమ్మ

ప్రొద్దుటూరులో నాకు తోడున్న ఆయా పేరు మాబున్ని. భర్త చాలాకాలం కువైట్‌లో ఉండి వచ్చాడు. ఆమె నోటికి జడిసి రోగులు వరుసలో నిలబడేవాళ్ళు, అదే నోటికి నవ్వి భయం మరిచిపోయేవాళ్ళు. ఒకసారి చాపాడు వైపు కాలవ కింద పల్లెలో పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు కరుణమ్మ వచ్చింది.

ఆమెను చూడకముందే గొంతు విన్నాను. నాట్లు వేసే ఆడవాళ్ళ వరుసలోంచి ఒక కీర్తన కాలవ నీళ్ళ మీదుగా తేలి వచ్చింది. తడిచేలలో ఆకుపచ్చ ఇంకా పట్టలేదు, ఆకాశమే కింద పరిచినట్టుంది. ఆ ఆకాశంలో వంగి నిలబడి ఎవరో పాడుతున్నారు. మధ్యాహ్నం ఆ గొంతే చీర కుచ్చిళ్ళకు బురదతో మా గదిలోకి వచ్చింది. నలభై దాటిన మనిషి. వాళ్ళ ఊరి ప్రార్థన మందిరంలో పాటలు ఎత్తుకునేది ఆమే. భర్త దానమయ్య ఇళ్ళు కట్టే బేల్దారి పని చేస్తాడు.

భర్తతో కలిసినప్పుడు అప్పుడప్పుడు రక్తం కనపడుతోందని చాలా మెల్లగా చెప్పింది. మందు అద్ది ఆగాను. తెలుపు దిగింది. పలచని పొగ కాదు, మందంగా, అంచు గీసినట్టుగా ఉంది.

తలుపు వేసి చెప్పాను. ఇది క్యాన్సర్ అని నేను అనడం లేదు, కానీ వదిలేస్తే కావచ్చు. ప్రొద్దుటూరులో పెద్ద భూతద్దం లాంటి యంత్రంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. మారిన చోటు వరకే తీసేస్తే ఇప్పుడైతే సరిపోవచ్చు. ఆలస్యమైతే అది చేయి దాటిపోతుంది.

దానమయ్యను పిలిపించింది. ఆయనకు ఇదంతా చుట్టుదారిలా కనిపించింది. "సంచి తీపిచ్చేస్తే పోలా సిస్టరమ్మా? మా అక్కకు తీపిచ్చినాం, మా వదినకు తీపిచ్చినాం. శానా మందికి తీసినారు మా ఊళ్ళో."

మన వైపు ఇదొక పెద్ద జాడ్యం. తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా, క్యాన్సర్ వస్తుందేమోనన్న భయంతో గర్భసంచే తీయించేస్తారు. ముందు పరీక్ష చేయించినవాళ్ళు నాకు తక్కువ కనిపించారు. నేను నోరు తెరిచేలోపే మాబున్ని అందుకుంది.

"నీకు కన్ను ఎర్రగయితే తలకాయ తీపిచ్చుకుంటావా మామా?"

కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వచ్చే సోమవారం వస్తామని ఇద్దరూ ఒప్పుకున్నారు.

సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది. ఊళ్ళో కరుణమ్మ కోసం ఉపవాస ప్రార్థనలు జరిగాయట. పాస్టరుగారు ఆమె తల మీద నూనె రాసి, చేతులుంచి ప్రార్థించారట. ఆ తర్వాత రక్తం కనపడడం ఆగింది. ఆదివారం కరుణమ్మ సంఘం ముందు నిలబడి, నా లోపలి మచ్చను దేవుడు తీసేసినాడని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. పరీక్షకు పేరు ఇచ్చిన మరికొందరు ఆడవాళ్ళు, మాకూ ప్రార్థన చాలు అని మానుకున్నారు.

 

మీరు నవ్వుకోవద్దు. నేను నవ్వుకోలేదు. ప్రార్థన వల్ల స్వస్థత కలుగుతుందని నేను నమ్ముతాను. ఈ రోజుకీ నమ్ముతాను. ఇలాంటి మచ్చల్లో లేతవి కొన్ని వాటంతటవే పోతాయి కూడా, ఒంటిని అలా చేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. కానీ నేను చూసింది లేతది కాదు. రక్తం ఆగినంత మాత్రాన మచ్చ పోయినట్టు కాదు. పోయిందో లేదో చూడకుండా నాకూ తెలియదు, పాస్టరుగారికీ తెలియదు, కరుణమ్మకు అసలే తెలియదు. ఆమె మాత్రం తెలుసునని చెప్పేసింది.

శుక్రవారం

శుక్రవారం వాళ్ళ మందిరంలో ఆడవాళ్ళ ఉపవాస కూటం. యూనిఫాం లేకుండా, బైబిలు చేతపట్టుకుని వెళ్ళాను. కరుణమ్మ ఇంటికి ముందు వెళితే ఆమె పెరట్లో అంట్లు తోముతోంది. నన్ను చూసి లేవలేదు. నేను గడప మీద కూర్చున్నాను.

ఎందుకు రాలేదని అడగలేదు. బూడిదతో గిన్నెలు రుద్దే చప్పుడు వినిపిస్తోంది. కోళ్ళు తిరుగుతున్నాయి. కాలవ మీదినుంచి చల్లగాలి వచ్చి పోతోంది, అక్కడ అలా కూర్చుని ఉంటే మేమిద్దరం ఏ భయమూ లేని కాలంలో ఉన్నట్టనిపించింది.

"మళ్ళా చూపిచ్చుకుంటే దేవునికే పరీక్ష పెట్టి శోధించినట్టు గాదా సిస్టరమ్మా?" అంది తనే.

అది ఆమె మనసులోది కాదని నాకు తెలిసింది. ఎవరో అన్న మాట. ఇంకేముందో చెప్పమన్నట్టు చూశాను. చెంబు కింద పెట్టింది.

"అందరి ముందర నా నోటితో చెప్పినా. ఇప్పుడు పోయి చూపిచ్చుకుంటే, అది ఆడనే ఉంటే? నేను అబద్ధం చెప్పినట్టు గాదా? నేను చెప్పినట్టయితే ఫరవాల్యా. దేవుడు అబద్ధమాడినట్టు అయిపోదా?"

ఆమె చావుకు భయపడలేదు. దేవునికి తన వల్ల చెడ్డపేరు వస్తుందని భయపడింది. ఆయన పేరు కాపాడడానికి తన ప్రాణం పెట్టడానికి సిద్ధమైంది, అదీ ఎవరికీ చెప్పకుండా. ఎన్ని జబ్బులకు ఎన్ని రకాల భయాలు చూశానో, ఇలాంటిది చూడలేదు. ఆసుపత్రిలో దీనికి మందు లేదు.

కూటంలో పెద్దక్కలు ఎవరైనా వస్తే ఒక మాట చెప్పమనడం వాళ్ళ ఆనవాయితీ. పాస్టరుగారి భార్య నన్ను అడిగింది. చాపల మీద ఆడవాళ్ళు, తలుపు దగ్గర పాస్టరుగారు, ఆయన చిన్నవాడు, కరుణమ్మ కోసం నిజంగా కన్నీళ్ళతో ప్రార్థించిన మనిషి. నేను ప్రార్థన తప్పని చెప్పడానికి లేవలేదు. పాత ధర్మశాస్త్రంలో చర్మం మీద మచ్చ వచ్చినవాడి సంగతి చెప్పాను. వాడు యాజకుని దగ్గరికి పోవాలి. యాజకుడు వాడిని చూస్తాడు. మచ్చ తెల్లగా ఉందా, లోతుగా దిగిందా అని చూస్తాడు. తేలకపోతే ఏడు దినాలు వేరుగా ఉంచి మళ్ళీ చూస్తాడు. దేవుడు ఆ చూసే పని వద్దనలేదు, యాజకుని చేతికి ఇచ్చాడు.

తర్వాత ఆ పదిమంది కుష్ఠరోగుల సంగతి. దూరాన నిలబడి కేకలు వేస్తే, ప్రభువు వాళ్ళను పోయి యాజకులకు చూపించుకోమన్నాడు. అప్పటికి వాళ్ళు బాగుపడలేదు. మచ్చలు ఒంటి మీద ఉండగానే నడిచారు. నడుస్తూ ఉండగా శుద్ధులయ్యారు.

"బాగు చేసే ప్రభువే పోయి చూపిచ్చుకోమన్నాడు," అన్నాను. "చూపిచ్చుకునేది అవిశ్వాసమైతే ఆ మాట ఆయన నోట ఎందుకొస్తాది?"

ఎవరూ ఆమేన్ అనలేదు. ఎవరి ఒళ్ళోనో బిడ్డ ఏడ్చింది. పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేశారు, అందులో నా మాట ఊసే లేదు. ఉపవాసం విడవడానికి మజ్జిగ ఇస్తూ పాస్టరుగారి భార్య మాత్రం నా చెయ్యి కొంచెంసేపు వదల్లేదు. కరుణమ్మ నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

బస్సులో తిరిగి వస్తూ నేను ఓడిపోయాననుకున్నాను. కిటికీ బయట పసుపుచేలు, దూరాన కొండలు, అన్నీ ఎవరి కలలోవో నాకు అరువిచ్చినట్టున్నాయి.

బల్ల మీద

మరుసటి వారం గది తలుపు తెరిచేసరికి బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు, కరుణమ్మ, పాస్టరుగారి భార్య. దానమయ్య గేటు బయట బీడీ కాలుస్తున్నాడు.

"దారిపొడుగునా ఒక మాట మాట్లాడల్యా," అంది పాస్టరుగారి భార్య. "నేను తోడొస్తా పదమ్మే అంటే వచ్చింది. పాస్టరయ్యకు నేనే చెప్పినా. ఆయన వద్దనల్యా."

లోపల పెద్ద యంత్రం దగ్గర లేడీ డాక్టరు కూర్చుంది. నేను దీపం సరిచేశాను. మాబున్ని దుప్పటి కప్పి, ఇదేం పెండ్లిచూపులు గాదులే, ముఖం అంత బిగించొద్దు అంది. పాస్టరుగారి భార్య తల దగ్గర నిలబడి కరుణమ్మ చెయ్యి పట్టుకుంది. మందు అద్దారు. ఆగాం.

నా జీవితంలో ఎప్పుడూ లేనంతగా ఆ రోజు ఏమీ కనపడకూడదని కోరుకున్నాను. గులాబీరంగు అలాగే ఉండిపోవాలని. నేను నమ్మిన దేవుడు అది చేయలేనివాడు కాదు. వెలుతురు కింద తెలుపు మెల్లగా లేచింది. ముందుకన్నా వెడల్పుగా ఉంది.

"ఉండాదా సిస్టరమ్మా?" అంది కరుణమ్మ, కళ్ళు మూసుకునే.

డాక్టరు నా వైపు చూసింది. చెప్పమన్నట్టు.

"ఉండాది కరుణా."

ఆమె కళ్ళ మూలలనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.  "నేను ఆయన పేరు చెడగొట్టినానా?" అంది.

  పాస్టరుగారి భార్య వంగి ఆమె నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తీసింది. "ఆయన పేరు మనం మోసేది గాదులే మే. ఆయనే మనల్ని మోస్తాండాడు," అంది.

ముక్క తీసి పంపారు. క్యాన్సర్ కాలేదని, దానికి ముందు మెట్టు మీద ఉందని రిపోర్టు వచ్చింది. కరెంటుతో వేడెక్కే సన్నని తీగతో మారిన భాగం వరకే తీసేశారు. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయి, అంటే మారిన చోటు లోపల మిగల్లేదు. గర్భసంచి అలాగే ఉంది. ఇక మానకుండా పరీక్షకు వస్తూ ఉండాలని చెప్పాం. ఇంకొంత కాలం ఆగి ఉంటే ఏమై ఉండేదో డాక్టరు చెప్పలేదు. నేను ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూసినదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆదివారం

ఇక్కడితో వైద్యం ముగిసింది, కానీ కరుణమ్మ పని ముగియలేదు. మొదటిసారి తిరిగి పరీక్షకు వచ్చి బాగుందని తెలిసిన రోజు, ఈ ఆదివారం మా మందిరానికి రాగలరా అని నన్ను అడిగింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

వెళ్ళాను. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి కదలడం లేదు, కిటికీలోంచి పడ్డ ఎండలో ధూళి తేలుతోంది, మనుషులందరూ ఆ వెలుతురులో కొంచెం పైకి లేచి ఉన్నట్టు కనిపించారు. సాక్ష్యాల వేళ వచ్చింది. ఒకాయన బోరులో నీళ్ళు పడ్డాయని చెప్పాడు. ఒకామె కొడుక్కి వీసా వచ్చిందని చెప్పింది. చప్పట్లు. అప్పుడు కరుణమ్మ లేచింది. పాటకు వాయిస్తూ ఎప్పుడూ చేతిలో ఉండే కంజరను పక్కామెకు ఇచ్చేసింది.

పిల్లలారా, నేను డాక్టర్ల ఉపన్యాసాలు చాలా విన్నాను. ఒంట్లో ఉన్న రోగం గురించి ఊరందరి ముందు, మగవాళ్ళు కూడా ఉన్న చోట, ఒక ఆడమనిషి అలా మాట్లాడడం అంతకుముందు వినలేదు, తర్వాత వినలేదు.

"పోయినసారి ఈడ నిలబడి దేవుడు మచ్చ తీసేసినాడని చెప్పినా. అది పోల్యా. ఆడనే ఉన్నింది. ప్రొద్దుటూరులో చూసి, తీసినారు. ఇప్పుడు ల్యాదు. నేను తొందరపడినా. దేవుడు తొందరపడల్యా."

అంతే చెప్పింది. కూర్చోలేదు, నిలబడే ఉంది, తీర్పు కోసం నిలబడినట్టు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దానమయ్య మగవాళ్ళ వైపు తల వంచుకుని ఉన్నాడు. పాస్టరుగారు పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. ఆమె మాటను తోసెయ్యాలా, తీసుకోవాలా అని ఆయన తడబడుతున్నది నాకు తెలుస్తోంది. ఆమెకూ తెలుస్తోంది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు వెనక వరుసలోంచి ఒకామె అడిగింది. క్యాంపులో పేరు ఇచ్చి, ఈమె సాక్ష్యం విని మానుకున్నవాళ్ళలో ఆమె ఒకతె. ఆరాధన నడుమ ఉన్నామని మరిచిపోయి, బావి దగ్గర అడిగినట్టే అడిగింది.

"నొస్తాదా మే అది?"

కరుణమ్మ వెనక్కి తిరిగింది. ముఖంలో మెల్లగా నవ్వు కదిలింది.

"నొప్పి ల్యాదు లేక్కా. రవ్వంత సిగ్గయితాది. నేను ఎంబడొస్తా."

ఆడవాళ్ళ వైపునుంచి ఇంకో గొంతు, ఏ పొద్దు పోవాలని అడిగింది. ఇంకెవరో, బస్సా ఆటోనా అన్నారు. పాస్టరుగారు వాళ్ళను గమ్మునుండమనలేదు. కుర్చీలో వెనక్కి వాలి, వాళ్ళ మాటలు అయ్యేదాకా కూర్చున్నారు.